రెండో టీచర్ వరండాలో కాదు, తరగతిలో ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). మా మూడో తరగతిలో 26 మంది పిల్లలు. మేధో వైకల్యం ఉన్న బాబు ఒకడు, ఇంట్లో లంబాడీ భాష మాట్లాడే పిల్లలు నలుగురు, రెండంకెల సంఖ్యలు ఇంకా పట్టుబడని వాళ్లు కొందరు. వారానికోసారి ఐఈఆర్పీ మేడం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పడానికి బడులు తిరిగే రిసోర్స్ పర్సన్, వస్తారు. వచ్చినప్పుడల్లా ఆ బాబును వరండాలోకి తీసుకెళ్లి విడిగా చెప్పేవారు. కిటికీలోంచి తొంగిచూసి పిల్లలు వాడికో పేరు కూడా పెట్టారు. అది నా చెవిన పడిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

దసరా సెలవులయ్యాక, "మేడం, మీరు లోపలికే వచ్చేయండి, లెక్కలు ఇద్దరం కలిసి చెబుదాం" అన్నాను. మొదటి రెండుసార్లు కుదరలేదు. ఇద్దరం బోర్డు దగ్గరే నిలబడి చెరో మాటా చెబుతుంటే ఎవరిని చూడాలో పిల్లలకు తెలియలేదు. మూడోసారి ఆవిడ బోర్డు దగ్గర, నేను చాప మీద పిల్లల మధ్య.

ఆ రోజు 52లోంచి 27 తీసివేత. తండా నుంచి వచ్చే పాప 35 అని రాసింది. ఇన్నేళ్లూ ఇలాంటి జవాబుకు ఇంటూ కొట్టి "అప్పు తెచ్చుకోవడం మర్చిపోయావ్" అనేదాన్ని. పక్కన కూర్చుంటే తెలిసింది, ఆ పిల్ల ఏమీ మర్చిపోలేదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తోంది. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని రెండో తరగతిలో చెప్పింది నేనే!

మేడం చీపురుపుల్లలు తెప్పించి పదేసి కట్టలు కట్టించారు. ఆ పని ఆ బాబుకే ఇచ్చారు. వాడు పది లెక్కపెట్టి రబ్బరుబ్యాండు వేసేదాకా క్లాసంతా ఆగింది. తర్వాత ఐదు కట్టల్లో ఒకటి వాడి చేతే విప్పించారు. విడిపుల్లలు పన్నెండయ్యాయి. అందులోంచి ఏడు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి రెండు తీసి పాప 25 అంది, మొదట తన భాషలో, తర్వాత తెలుగులో.

ఇంతలో తనిఖీకి వచ్చిన ఒక అధికారి, "ఒకే క్లాసులో ఇద్దరెందుకమ్మా, టీచర్లు ఎక్కువయ్యారా?" అని అడిగారు. ఆయన్ని తప్పుపట్టను. రిజిస్టర్‌లో ఇలాంటి పీరియడ్‌కు గడే లేదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని నిబంధన ఉంది. ఆ లెక్కన పోస్టులు మంజూరు చేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పోస్టులు రావాలి, రెగ్యులర్‌గా రావాలి. మా మేడం ఎన్నో బడులు తిరుగుతారు, అదీ తక్కువ జీతానికి. కానీ వచ్చే కొత్తవాళ్లనూ వరండాకే పంపితే ఆ పిల్లలు మళ్లీ కిటికీ అవతలే ఉంటారు.

విద్యాశాఖను నేను కోరేది రెండే. ఐఈఆర్పీలు ఏ రోజు ఏ బడికి వస్తారో నెల ముందే ఖరారు చేసి, ఆ రోజు ఒక్క పీరియడైనా తరగతి టీచర్‌తో కలిసి చెప్పేలా టైంటేబుల్‌లో రాయండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు వాళ్లనూ పిలిచి, పాఠం ఎవరు చెప్పాలో, ఎవరు పిల్లల పక్కన కూర్చోవాలో మేమిద్దరం అనుకోవడానికి ఓ అరగంట ఇవ్వండి. ఇప్పుడు ఆ మాటలన్నీ ఆవిడ బస్సు వచ్చేలోపు స్టాపులో నిలబడి మాట్లాడుకుంటున్నాం.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా