పాటకు ఒకే ధర ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా దగ్గర జముకుల కథ చెప్పే బృందమొకటి పోయిన సంక్రాంతికి పాటలు రికార్డు చేయించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి వంద రూపాయలకు అమ్మింది. కొందరు కొన్నారు, మిగతావాళ్లు వాట్సాప్‌లో పంపించుకున్నారు, పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు. చాలా బాధేసింది, ఎందుకంటే సూరత్‌లో పనిచేసే మా ఊరి కుర్రాళ్లు ఆ పాటల కోసం ఐదొందలైనా ఇచ్చేవాళ్లే, వాళ్లను అడిగినవాళ్లే లేరు.

ఒకే ఆల్బమ్‌ను రకరకాల ధరలకు అమ్మినవాళ్లున్నారు. అమెరికా బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ 2008 మార్చిలో 36 ట్రాకుల ఆల్బమ్ తెచ్చింది. మొదటి 9 ఉచితం. మొత్తం డౌన్‌లోడ్‌కు 5 డాలర్లు, సీడీలు 10, పెద్ద సెట్ 75, సంతకం చేసిన సెట్ 300. ఆ 300 డాలర్ల సెట్లు 2,500 మాత్రమే చేస్తే కొద్ది రోజుల్లోనే అయిపోయాయి, అంటే దానిమీదే ఏడున్నర లక్షల డాలర్లు! అంతకు ముందు ఏడాది రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ అయితే డౌన్‌లోడ్ ధరను వినేవాళ్లకే వదిలేసింది.

ఇది మనకు కొత్తేమీ కాదు. కథ మధ్యలో చదివింపులు చదివించి, ఇచ్చినవాళ్ల పేరు గట్టిగా చెప్పడం మన పద్ధతే కదా. రెండు పాటలు యూట్యూబ్‌లో ఊరికే పెట్టి, మొత్తం వందకు, పాటల పుస్తకంతో మూడొందలకు, కథలో కొన్నవాళ్ల పేరు చదివి రికార్డు చేసి ఇస్తే వెయ్యికి అమ్మొచ్చు. బరంపురం, రాయగడ వైపు ఎవరైనా ఇలా అమ్మి ఉంటే దయచేసి మీ పేపరులో రాయండి, మావాళ్లకు చదివి వినిపిస్తాను.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి