లింకు నొక్కిన తర్వాత: ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెలలో మన తొమ్మిదో తరగతి విద్యార్థి తల్లి ఒకరు ఆఫీసు గదికి వచ్చి, ఫోను నా ముందు పెట్టి, "ఇది మీరు పంపిందేనా మేడమ్?" అని అడిగారు. ఫీజు బకాయి ఉందని, సాయంత్రంలోగా కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వబోమని మన పాఠశాల పేరుతో వచ్చిన ఈమెయిల్ అది. పంపినవారి చిరునామాను తెరిచి చూస్తే మన పేరులో ఒక అక్షరం ఎక్కువగా ఉంది. ఆమె అప్పటికే లింకు నొక్కి, తన ఈమెయిల్ పాస్‌వర్డు కూడా ఇచ్చేశారు. ఇంట్లో ఏమంటారోనని రెండు రోజులు ఎవరికీ చెప్పుకోలేదట. నేను ఈ లేఖ రాయడానికి కారణం ఆ రెండు రోజులే.

లింకు నొక్కినంత మాత్రాన డబ్బు పోయినట్టు కాదు. పేజీ తెరుచుకున్నాక ఏమీ నింపకుండా, ఏమీ దించుకోకుండా మూసేసి ఉంటే ప్రమాదం చాలావరకు తక్కువే. పాస్‌వర్డు ఇచ్చి ఉంటే మాత్రం, ఆ మెయిల్ ద్వారా కాకుండా అసలు సైటుకు మీ అంతట మీరే వెళ్లి వెంటనే దాన్ని మార్చాలి. అదే పాస్‌వర్డు వాడుతున్న మిగతా చోట్లా మార్చాలి. ఖాతాలోకి ప్రవేశించిన తెలియని ఫోన్లను, కంప్యూటర్లను సైన్ అవుట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోవాలి. చాలామంది చూడని చోటు సెట్టింగ్స్‌లోని ఫార్వార్డింగ్. మీ మెయిళ్లు మరో చిరునామాకు వెళ్లేలా అక్కడ అమర్చి ఉంటే, పాస్‌వర్డు మార్చినా అవి మోసగాళ్లకు అందుతూనే ఉంటాయి. ఆ తల్లి ఖాతాను ఆఫీసు కంప్యూటర్‌లో తెరిచినప్పుడు, ఆమె ఎన్నడూ చూడని చిరునామా ఒకటి సరిగ్గా అక్కడే కనిపించింది.

లింకు నుంచి ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) దిగి, దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందుగా మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. ఆ యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి దొరికితే మీరు చెప్పకుండానే ఓటీపీలు మోసగాళ్లకు చేరతాయి కాబట్టి, బ్యాంకుతో వేరే ఫోను నుంచి మాట్లాడండి.

కార్డు వివరాలు ఇచ్చినా, డబ్బు పోయినా, కార్డు వెనుక ముద్రించిన నంబరుకే ఫోన్ చేసి కార్డును ఆపించండి. గూగుల్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో నకిలీవీ ఉంటాయి. డబ్బు పోతే ఆ వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల జాతీయ సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటిపోకముందే ఫిర్యాదు అందితే దాన్ని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. ఖాతాదారు పొరపాటు వల్ల పోయిన సొమ్ములో, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదని, ఆ తర్వాత జరిగేది బ్యాంకుదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల్లో చెప్పింది. ఆలస్యం చేసిన ప్రతి గంటలో జరిగే నష్టం మీ మీదే పడుతుంది. ఫిర్యాదుకు ఆధారంగా ఆ మెయిల్‌ను తీసేయకుండా ఉంచండి.

పిల్లలు నొక్కి ఉంటే "ఎందుకు నొక్కావు?" అని గద్దించకుండా, "తర్వాత ఏం తెరుచుకుంది, ఏం నింపావు?" అని అడగమని నా మనవి. తిట్లు తిన్న పిల్లవాడు మరోసారి మన దగ్గరకు రాడు.

ఫీజు విషయంలో సందేహం కలిగితే డైరీలో ముద్రించిన నంబరుకే ఫోన్ చేయండి. అలాంటి మెయిల్ ఏదైనా ఇప్పటికే తెరిచి ఉంటే, ఫోను పట్టుకొని ఈ రోజే ఆఫీసుకు రండి; మా కంప్యూటర్ ఉపాధ్యాయులు పక్కన కూర్చుని అన్నీ సరిచూస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు