లేచి నాలుగడుగులు వేయనివ్వండి

సంపాదకునికి,

ఉదయం నడిచాం కదా అని రోజంతా కుర్చీకి అతుక్కుపోవడం మంచిది కాదు. కాళ్ల నుంచి రక్తాన్ని గుండెవైపు నెట్టే పిక్కల కండరాలకు అప్పుడు పనే ఉండదు. 1953లో వెలువడిన అధ్యయనంలో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలిస్తే, కూర్చుని నడిపే డ్రైవర్లకంటే మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఇద్దరిదీ అదే బస్సు, అవే వేళలు!

వ్యాయామం ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటికి వదిలేసింది. అంటే మెట్లెక్కిన రెండు నిమిషాలూ లెక్కలోకే వస్తాయి. ఫోన్ వస్తే లేచి తిరుగుతూ మాట్లాడటం అలవాటు చేసుకున్నాక నాకు నడుం పట్టేయడం తగ్గింది. కానీ సీట్లోంచి లేస్తే పని ఎగ్గొడుతున్నారనుకునే అధికారులున్నచోట ఇవేవీ సాగవు. గంటకోసారి లేచి తిరగడాన్ని యాజమాన్యాలే పనిలో భాగంగా ఒప్పుకోవాలి.

– ఒక ఉద్యోగి