‘షార్ట్ సర్క్యూట్’ అని రాసి వదిలేయకండి

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన అపార్ట్‌మెంట్ అగ్నిప్రమాదం వార్త చదివినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. ‘షార్ట్ సర్క్యూట్ వల్ల జరిగినట్లు ప్రాథమికంగా నిర్ధారించారు’ అన్న వాక్యంతో ఆ వార్త ముగిసింది. ఆ తర్వాత దాని గురించి ఒక్క ముక్క కూడా రాలేదు. ఆ ఫ్లాటుకు కొద్ది నెలల కిందటే లక్షలు పోసి ఫాల్స్ సీలింగ్, కొత్త వంటగది చేయించారని మా పేటలో అందరికీ తెలుసు. ఆ వైరింగ్ చేసిందెవరో, అతనికి లైసెన్సు ఉందో లేదో అడిగినవారు మాత్రం లేరు. షార్ట్ సర్క్యూట్ పిడుగులాగా ఆకాశం నుంచి ఊడిపడదు. సన్నటి వైరు మీద మోయలేనంత లోడు పెట్టినందుకో, అతుకు సరిగా వేయనందుకో అది జరుగుతుంది. ఆ పని ఎవరో ఒక మనిషి చేసి, డబ్బు తీసుకుని వెళ్లినదే.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, మా ఇల్లు కూడా మీ పత్రికలో అదే వాక్యంతో వచ్చేది. మాది 1994లో కట్టిన ఇల్లు. నిరుడు వంటగది, రెండు పడకగదులు బాగుచేయించాము. మొత్తం పని ఒక్కరికే గుత్తకు ఇచ్చాము. కరెంటు పని చేయడానికి వచ్చిన కుర్రవాడికి లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌తో ఏ సంబంధమూ లేదన్న సంగతి మాకు ఆ తర్వాతగాని తెలియలేదు. ఇండక్షన్ పొయ్యి, ఓవెన్ ఒకేసారి వేస్తే లోడు మించితే కరెంటు ఆపేసే ఎం.సి.బి. స్విచ్ పడిపోతోందని ఫోను చేస్తే, అతను వచ్చి 16 ఆంపియర్ల దాన్ని తీసి 32 ఆంపియర్లది బిగించి, ‘ఇక పడదండీ’ అని చెప్పి వెళ్లాడు. నిజంగానే మళ్లీ పడలేదు. లోపల ఉన్నది మాత్రం లైట్ల కోసం ముప్పై ఏళ్ల కిందట వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరే. ఎం.సి.బి. ఉన్నది ఆ వైరును కాపాడడానికి. వైరు తట్టుకోలేనంత కరెంటు పోతున్నా కదలకుండా ఉండే ఎం.సి.బి. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రెండు నెలల తర్వాత రాత్రిపూట వంటింట్లో చేపలు మాడుతున్నట్టు వాసన రావడం మొదలైంది. మా ఇంట్లో చేపలు వండము. పక్కవాళ్ల వంట అనుకుని మూడు రోజులు ఊరుకున్నాము. నాలుగో రోజు తెలిసినవారి ద్వారా లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ను పిలిపించి సీలింగ్ పలక విప్పిస్తే, అతుకులను లోపల పెట్టి మూసే జంక్షన్ బాక్సు అన్నదే లేకుండా రెండు వైర్లను మెలిపెట్టి నల్లటేపు చుట్టిన అతుకు కనిపించింది. టేపు జిగురు కరిగి కారింది, కింది జిప్సం పలక అరచేయి మేర నల్లబడింది. అంతకంటే నన్ను భయపెట్టింది గీజర్ ప్లగ్గు. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ వైరు లాగకుండా, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్ పిన్నుకు కలిపేశాడు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే గీజర్ బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. ఆ గీజర్ కిందే మా మనవరాలు రోజూ స్నానం చేస్తుంది.

కరెంటువారి సెక్షన్ ఆఫీసుకు వెళితే మీటరు వరకే తమ బాధ్యత అన్నారు. మున్సిపల్ ఆఫీసులో, గోడలు కదపని లోపలి మరమ్మతులకు తమ అనుమతి అక్కరలేదు కనుక తాము చూడము అన్నారు. ప్రభుత్వ విద్యుత్ తనిఖీ శాఖవారు ఇళ్ల వంటి చిన్న కనెక్షన్లను వచ్చి చూసే పద్ధతి సాధారణంగా లేదు. చట్టం లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. బల్బు, ఫ్యాను, స్విచ్, ఫ్యూజు మార్చడం వంటి చిన్న పనులు మినహా, కొత్తగా చేర్చినా మార్చినా ఆ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో చేయాలని 1956 నాటి విద్యుత్ నియమాలలోనే ఉంది. 2010 నిబంధనలూ 2023 నిబంధనలూ అదే చెప్పాయి. ఇన్నేళ్లుగా కాగితం మీద ఉన్న ఈ నియమం గురించి మా వీధిలో ఇల్లు బాగుచేయించుకున్న వారిలో ఒక్కరు కూడా విన్నట్టు నాకు కనిపించలేదు.

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో 8 మంది పిల్లలతో సహా 17 మంది చనిపోయారు. అప్పుడు కూడా మొదట వినిపించిన మాట షార్ట్ సర్క్యూటే. అప్పుడు అందరమూ నాలుగు రోజులు బాధపడ్డాము, అధికారులు తనిఖీల గురించి మాట్లాడారు. మా ఊళ్లో మాత్రం ఏ మార్పూ రాలేదు. వాడకం ఎక్కువైతే మీటరులో తెలుస్తుంది, అదనపు లోడుకు డబ్బు కట్టమని ఇంటికి నోటీసు కూడా వస్తుంది. మాకూ వచ్చింది, కట్టాము. మూడు కిలోవాట్ల ఇల్లు ఆరు కిలోవాట్లు వాడుతోందని తెలిసినవారు, లోపలి వైరు దానిని మోయగలదా అని ఒక్క మాట ఎందుకు అడగరు? డబ్బు రాబట్టడానికి దొరికే సిబ్బంది ప్రాణాల సంగతి వచ్చేసరికి ఎందుకు దొరకరు?

నేను కోరేది పెద్దదేమీ కాదు. అదనపు లోడు మంజూరు చేసేటప్పుడు లైసెన్సు ఉన్నవారు సంతకం చేసిన పరీక్ష నివేదిక తీసుకోవాలి. మెగ్గర్ అనే 500 వోల్టుల పరీక్ష పరికరంతో వైర్ల పైతొడుగు (ఇన్సులేషన్) బాగుందో లేదో చూడడానికి, ఎర్తింగ్ సరిచూడడానికి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్ పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఒక్క పూట చాలు. లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ల పేర్లు ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. మా ఇంట్లో పని చేసిన మనిషి ఇప్పుడు మా వెనక వీధిలో మరో ఇంటి సీలింగ్ పైన వైర్లు లాగుతున్నాడు. ఆ ఇంటివారికి నేను వెళ్లి చెప్పాను. కానీ అతనిని ఆపే అధికారం నాకు లేదు, ఉన్నవారు రావడం లేదు.

ఇక మీ పత్రికకు ఒక విన్నపం. పది రోజుల కిందటి ఆ ఫ్లాటులో వైరింగ్ ఎవరు చేశారో, దర్యాప్తులో ఏం తేలిందో కనుక్కుని, ఆ వార్త వేసిన పేజీలోనే ప్రచురించండి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు