ఇకపై ఫోన్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పం

మా దగ్గర స్కాడా, హెచ్‌ఎంఐ (ప్లాంటు మెషిన్లను కంప్యూటర్ స్క్రీన్ మీద చూసి నడిపే వ్యవస్థలు) పనులు చేయించుకున్న అందరికీ నమస్కారం.

ఈ మధ్య రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకటే మాట: "లాగిన్ అవుతోంది సార్, స్టార్ట్ నొక్కితే మాత్రం పంపు తిరగట్లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పండి, మిగతాది పొద్దున చూసుకుందాం." ఆ పాస్‌వర్డ్ ఇక ఫోన్‌లో చెప్పం. కోపం వచ్చినా సరే, కారణం వినండి.

లాగిన్ కావడం వేరు, పర్మిషన్ ఉండటం వేరు. ఉదాహరణకు ఫ్యాక్టరీటాక్ వ్యూ ఎస్‌ఈ అనే స్కాడా సాఫ్ట్‌వేర్‌లో ఏ నుంచి పీ దాకా 16 సెక్యూరిటీ కోడ్లుంటాయి. ఆపరేటర్ గ్రూపుకు కొన్ని కోడ్లు ఇస్తాం, స్క్రీన్లకు, ట్యాగులకు (మెషిన్ విలువలకు పెట్టే పేర్లు), కమాండ్లకు ఒక్కో కోడ్ పెడతాం. అవి కలవకపోతే మనిషి లోపలికి వస్తాడు గానీ బటన్ పలకదు. మొన్న ఒక ప్లాంటులో ఆపరేటర్‌కు షిఫ్ట్ ఇన్‌చార్జిగా ప్రమోషన్ వచ్చింది. సూపర్‌వైజర్ గ్రూపులో చేర్చారు, పాత ఆపరేటర్ గ్రూపులోంచి తీయలేదు. పాత గ్రూపులో రెసిపీ (తయారీ సెట్టింగుల) కోడ్‌కు డినై, అంటే అనుమతి లేదనే టిక్ ఉంది. ఒకచోట అలౌ, ఇంకోచోట డినై ఉంటే డినైదే గెలుపు. ఆయన సెట్‌పాయింట్ (మెషిన్‌కు ఇచ్చే విలువ) కొడుతూనే ఉన్నాడు, విలువ మారలేదు. పాత గ్రూపులోంచి పేరు తీసేసి, మళ్లీ లాగిన్ చేయిస్తే సరిపోయింది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఈ లోపం ఎప్పటికీ బయటపడేది కాదు.

అసలు లాగినే కాకపోతే ముందు స్క్రీన్ మూల గడియారం చూడండి. కరెంట్ పోయి వచ్చాక మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. లాగిన్లు సరిచూసే డొమైన్ సర్వర్‌తో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే పాస్‌వర్డ్ సరైనదైనా లాగిన్ తిరస్కరణకు గురవ్వచ్చు. విండోస్‌లో పాస్‌వర్డ్ గడువు మామూలుగా 42 రోజులు. మీ ఐటీ వాళ్లు దాన్ని మార్చకపోతే, ఆపరేటర్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ మార్చుకునే చోటు లేకపోతే, 43వ రోజు నాకు ఫోన్ వస్తుంది.

ఫార్మా యూనిట్ల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 ప్రకారం ఎవరి ఐడీ వాళ్లదే. ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఏం మార్చారో నమోదయ్యే చిట్టా) నిండా "అడ్మిన్" అనే ఉంటే ఇన్‌స్పెక్టర్ ముందు ఏం చెబుతారు? "మాకు ఆడిట్లు లేవుగా" అనే రైస్ మిల్లు, ఫీడ్ మిల్లు వాళ్లకు ఒకటే ప్రశ్న: రాత్రి ఎవరో సెట్టింగ్ మార్చి డ్రయ్యర్ మాడ్చేస్తే ఎవర్ని అడుగుతారు?

లాగిన్ లేకపోతే మెషిన్ ఆపలేమేమోనని టెన్షన్ పడొద్దు. మేం కట్టిన ప్యానెళ్లలో ఎమర్జెన్సీ స్టాప్ నేరుగా వైరింగ్‌లోనే ఉంటుంది, దానికి లాగిన్‌తో పనే లేదు.

ఫోన్ చేసే ముందు ఒక చిన్న పని చేయండి. అదే స్టేషన్‌లో ఇంకొకరిని లాగిన్ అవ్వమనండి, ఆ తర్వాత ఇదే మనిషిని పక్క స్టేషన్‌లో ప్రయత్నించమనండి. తప్పు మనిషి అకౌంట్‌లో ఉందో, ఆ కంప్యూటర్‌లో ఉందో అక్కడే తేలిపోతుంది. ఎర్రర్ కనిపించేలా స్క్రీన్ ఫొటో, యూజర్ పేరు, ఏ స్టేషనో వాట్సాప్‌లో పంపండి. పాస్‌వర్డ్ మాత్రం పంపకండి, దయచేసి. రిమోట్ కనెక్షన్ ఉన్న ప్లాంట్లకు అప్పటికప్పుడే చూస్తాం. లేనివాళ్లకు మనిషినే పంపాలి, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) లేకపోతే విజిట్ ఛార్జీ పడుతుంది.