శీనూ, స్పీకర్లు అప్పుడే అమ్మకు

సత్యనారాయణపురం,
విజయవాడ

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? బ్రాడీపేట ఇంట్లో సర్దుకోవడం అయిందా? మొన్న ఫోన్‌లో "బేస్ అంతా బురదబురదగా ఉంది, ఈ స్పీకర్లు అమ్మేసి పెద్దవి తెస్తా" అన్నావు చూడు, అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నా. ఇంకో నెల ఓపిక పట్టు.

నాదీ ఇదే గోల. ఏడాదిపాటు వైర్లు మార్చా, యాంప్లిఫయర్ మార్చా. బేస్ గిటార్ ఒక స్వరం దగ్గర కిటికీ అద్దాలు అదిరేలా మోగేది, ఆ పక్క స్వరం ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు. షాపులో అడిగితే ఇంకా ఖరీదైన స్పీకర్లు చూపించారు. తీరా చూస్తే లోపం గదిదిరా.

ఎదురెదురు గోడల మధ్య బేస్ అటూ ఇటూ కొట్టుకుని కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర నిలిచిపోతుంది. ఫ్రీక్వెన్సీ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క, దాన్నే హెర్ట్జ్‌లో చెబుతారు. వాటిలో మొదటిది ఎంతో తెలియాలంటే, శబ్దవేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించు. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. నా గది వెడల్పు 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. లెక్క కడితే 57 హెర్ట్జ్ వచ్చింది. స్లాబు ఎత్తూ 10 అడుగులే! రెండూ ఒకేచోట మోగుతాయి. బేస్ గిటార్‌లో లావు తీగ పక్క తీగ 55 హెర్ట్జ్. ఇక గది ఊగిపోదా? పొడవు 14 అడుగులకి 41 వస్తుంది, అన్నిటికన్నా లావు తీగ శ్రుతి కూడా అదే. పైగా తలుపు అడ్డమొస్తోందని నా సోఫా మూలకి వేసుకున్నా. మూలల్లోనే ఈ మోత అంతా పోగుపడుతుందట.

ఇదంతా కొలిచాకే నమ్మా. యూమిక్-1 అని చిన్న యూఎస్‌బీ మైకు ఉంది. దాని మీద ఉన్న నంబరు కంపెనీ సైట్‌లో కొడితే ఆ మైకు తేడాలు సరిదిద్దే కాలిబ్రేషన్ ఫైల్ ఇస్తారు. గదిలో శబ్దాన్ని కొలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. బీఆర్‌టీఎస్ రోడ్డు మీద బళ్ల రొద తగ్గాక, రాత్రి ఒంటిగంటన్నరకి ఫ్యాన్ ఆపి, చెవి ఎత్తున మైకు నిలబెట్టి, సాఫ్ట్‌వేర్‌లో కొలత బటన్ నొక్కా. స్పీకర్లలోంచి పరీక్ష శబ్దం కడుపులో గురగురలా మొదలై, సన్నటి ఈలలా పైకి వెళ్లి ఆగిపోయింది. అమ్మ లేచి వచ్చి "ఏమిట్రా అది?" అంది. తెర మీద గీత చూస్తే 57 దగ్గర కొండలా లేచింది, చుట్టుపక్కల కంటే 14 డెసిబెల్స్ ఎక్కువ. 10 ఎక్కువుంటేనే చెవికి రెట్టింపు మోతలా అనిపిస్తుంది!

ముందు సోఫాని మూల నుంచి తీసి, వెడల్పుకి సరిగ్గా మధ్యలో, వెనక గోడకి మూడడుగుల ఇవతల వేశా. కొండ సగానికి పైగా కరిగింది. అంతలో 82 దగ్గర గుంట పడింది. ఏ ఫ్రీక్వెన్సీనైనా పెంచే, తగ్గించే ఈక్వలైజర్ ఏపీవో అనే సాఫ్ట్‌వేర్‌తో అక్కడ 9 డెసిబెల్స్ పెంచా. తప్పు చేశానురా. 9 డెసిబెల్స్ అంటే యాంప్లిఫయర్ ఎనిమిది రెట్లు పవర్ ఇవ్వాలి. వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) ఆయాసపడింది కానీ గుంట పూడలేదు, అక్కడ వచ్చిన శబ్దాన్ని గోడ నుంచి తిరిగొచ్చిన శబ్దమే కొట్టేస్తోంది మరి. చివరికి సోఫాని ఒక అడుగు వెనక్కి జరిపితే పూడింది. ఒక్క అడుగు!

అప్పుడు అదే ఈక్వలైజర్ ఏపీవోలో మిగిలిన గుట్టలు మాత్రం తగ్గించా, ఏదీ పెంచలేదు. అదీ 300 హెర్ట్జ్ లోపే. ఆపైన వేలు పెట్టకు. 5,000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు ఏడు సెంటీమీటర్లే, నువ్వు తల కాస్త తిప్పితే కొలిచిందంతా మారిపోతుంది. ఏవీ రిసీవర్లలో (టీవీకి, స్పీకర్లకి కలిపే యాంప్లిఫయర్ పెట్టెల్లో) ఉండే ఆడిస్సీ, డిరాక్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనంతా వాటంతటవే చేస్తాయి, కానీ వాటికీ సోఫా ఎక్కడుందో ముఖ్యమే. నీ హాల్లో గ్రానైట్, ఉత్త గోడలు కదా, చప్పట్లు కొడితే గణగణమంటుంది. దానికి మందు తివాచీ, మందపాటి కర్టెన్లు.

ఆ రాత్రే బాలమురళీకృష్ణ గారి కచేరీ పెట్టా. మృదంగం ఎడమవైపు, రవ్వముద్ద అద్దిన మూత మీద అరచెయ్యి పడి, కాస్త జారి, గుంకీ (ఆ జారుడుతో వచ్చే లోతైన నాదం) సాగుతుంది చూడు, ఆ జారడం వినపడిందిరా! ఇన్నాళ్లూ అక్కడ ఒక్క "ధమ్" మాత్రమే ఉండేది. నాన్న పడక్కుర్చీలోంచి లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా పక్కన కూర్చుని పల్లవి అయ్యేదాకా కదల్లేదు.

వచ్చే ఆదివారం మైకు పట్టుకుని వస్తా. ఈలోగా టేపు పెట్టి గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి వాట్సాప్ చెయ్యి. సోఫా జరపాల్సి వస్తుందని చెల్లెమ్మకి ముందే చెప్పి ఉంచు.

నీ
రాంబాబు