సుజాతకు, అరవై అయిదు నిండేలోపు

ప్రియమైన సుజాతా,

మనవరాలి బారసాల కబుర్లు రెండుసార్లు చదువుకున్నాను. కానీ చివర రాసిన మాట దగ్గర మనసు ఆగిపోయింది. ఆగస్టులో నీకు అరవై అయిదు నిండుతున్నాయి, మెడికేర్ (ఇక్కడ అమెరికాలో అరవై అయిదు నిండినవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) సంగతి "ఈయన రిటైరయ్యాక చూద్దాంలే" అన్నావు. చూడవచ్చు, అయితే ఎప్పటిలోగా చూడాలో ముందే తెలిసి ఉండాలి. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నువ్వు ఈ దేశంలో ఉద్యోగం చేయలేదని బెంగపడకు. అన్నయ్యగారికి అరవై రెండు దాటాయి, పదేళ్లకు పైగా ఇక్కడ పన్ను కట్టారు. ఆ లెక్క మీదనే నీకు పార్ట్ ఎ, అంటే ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు చూసేది, నెలనెలా ఏమీ కట్టకుండా వస్తుంది. డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బి కి మాత్రం డబ్బు కట్టాలి. 2025లో అది నెలకు 185 డాలర్లు, 2026లో 202.90.

చేరడానికి ఏడు నెలల గడువిస్తారు. పుట్టిన నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు. నీకైతే మే నుంచి నవంబరు దాకా. జులై నెలాఖరులోపు చేరితే ఆగస్టు ఒకటినే మొదలవుతుంది. సరైన కారణం లేకుండా గడువు దాటితే జనవరి నుంచి మార్చి వరకు మళ్లీ అవకాశముంటుంది కానీ, ఆలస్యమైన ప్రతి పూర్తి ఏడాదికీ పార్ట్ బి మీద పది శాతం అదనం పడుతుంది. పార్ట్ బి ఉన్నన్నాళ్లూ అది కడుతూనే ఉండాలి. ఇంత కఠినమైన నియమాన్ని ముసలివాళ్ల మీద పెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అన్నయ్యగారు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు కనుక నీకొక వెసులుబాటుంది. వాళ్ల కంపెనీలో ఇరవై మంది, అంతకు మించి పనిచేస్తుంటే ఆ బీమాతోనే ఉండి పార్ట్ బి తర్వాత తీసుకోవచ్చు, జరిమానా పడదు. ఆయన ఉద్యోగం గానీ ఆ బీమా గానీ, ఏది ముందు ఆగితే అక్కడి నుంచి ఎనిమిది నెలలు లెక్క. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఉద్యోగం మానేశాక కోబ్రా అనే చట్టం కింద అదే బీమా పద్దెనిమిది నెలలు సాగుతుంది కదా అని నిశ్చింతగా ఉండిపోతారు. కోబ్రా ఉన్నా ఆ ఎనిమిది నెలలు కరిగిపోతూనే ఉంటాయి! ఇది అన్నయ్యగారికి చదివి వినిపించు. మందుల బీమా, పార్ట్ డి, ఇంకా తొందర. దానికి సమానమైన బీమా ఏదీ లేకుండా వరసగా అరవై మూడు రోజులు గడిస్తే దానికీ జరిమానా ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం మెడిగ్యాప్. మెడికేర్ చెల్లించగా మిగిలిన ఖర్చు భరించే ప్రైవేటు పాలసీ అది. పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలలపాటు నీకు షుగరున్నా, మోకాళ్ల నొప్పులున్నా కాదనలేరు, ఎక్కువ అడగలేరు. ఆ తర్వాత మీ టెక్సాస్‌లో ఆరోగ్యం గురించి ఆరా తీసి, వద్దనవచ్చు. మెడికేర్ అడ్వాంటేజ్, అంటే మెడికేర్‌నే ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునే ప్లాను, నెలకు చవక, పళ్లకూ కళ్లకూ ఏదో ఇస్తారు, నిజమే. దాన్ని ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు మార్చుకోవచ్చు, మళ్లీ జనవరి నుంచి మార్చిలోపు ఒకసారి. కానీ దాన్నుంచి బయటికి వచ్చినప్పుడు మెడిగ్యాప్ దొరుకుతుందన్న హామీ చాలా సందర్భాల్లో ఉండదు. నీ షుగరు దృష్ట్యా ఓపిక ఉన్నంతవరకు మెడిగ్యాప్ వైపే మొగ్గమంటాను.

మీ అత్తయ్యగారి గ్రీన్ కార్డు సంగతి అడిగావు. ఆవిడ ఇక్కడ వరసగా అయిదేళ్లు ఉంటే డబ్బు కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. పార్ట్ ఎ కావాలంటే అదీ కొనుక్కోవాలి, అది ఖరీదే.

ఏజెంట్లను అడిగే ముందు మీ రాష్ట్రంలో హైక్యాప్ అనే మెడికేర్ సలహా కార్యక్రమం వాళ్లను అడుగు. ఉచితంగా చెబుతారు, ఏ కంపెనీ పాలసీనీ అమ్మరు. నువ్వు వాడే మందుల పేర్లన్నీ మోతాదులతో సహా రాసి పంపు, ఆదివారం ఫోనులో కూర్చుని ఏ ప్లానులో ఏవి ఉన్నాయో కలిసి చూద్దాం.

నీ
పద్మ